సంగీతం: సంప్రదాయం

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఏప్రిల్‌లో, మా రేడియో కేంద్రం నన్ను శామీర్‌పేటకు పంపింది. అప్పుడు నా హోదా ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్. చుట్టుపక్కల ఊళ్లలో నలభై ఏళ్లు ఆడిన ఒక యక్షగానాన్ని, దాన్ని తయారుచేసిన ఇద్దరూ బతికుండగానే రికార్డు చేయడం నా పని.

పాటలు రాసింది రాఘవరెడ్డి గారు. పొలాలన్నీ వెంచర్లయినా పాటల నోటుబుక్కును మాత్రం వదలని మనిషి. హార్మోనియం ఖాసిం సాబ్‌ది. మేడ్చల్‌లో ఒకప్పుడు కట్టెల అడితి నడిపారు. ఇద్దరికీ ఎనభై దాటాయి.

రికార్డింగ్ మధ్యలో ఒక చరణం దగ్గర ఖాసిం సాబ్ వాయించడం ఆపి, ఆ మాట తన బాణీలో ఇమడదన్నారు. రాఘవరెడ్డి గారు అక్కడికక్కడే మాట మార్చారు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని అంతా విన్నాను.

పని అయ్యాక క్యూషీట్ నింపాలి. రచన ఎవరిది, సంగీతం ఎవరిది, పాడిందెవరు అని రాసే కాగితం అది. అనౌన్సర్ అందులో ఉన్నదే చదువుతారు, ఒక్క అక్షరం ఎక్కువ చదవరు. పల్లెటూరి ఆట అనగానే సంగీతం గడిలో 'సంప్రదాయం' అని రాసేయడం మాకు చేతికి అలవాటైన పని. అదే రాశాను. ఖాసిం సాబ్ పేరును కిందున్న వాద్య సహకారం గడిలో వేశాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. నేను వేలు పెట్టి చూపించిన చోట ఉర్దూలో సంతకం చేశారు. రాఘవరెడ్డి గారు ఆ రోజు కళ్లజోడు తెచ్చుకోలేదు. నేను చదివి వినిపించనూ లేదు.

ప్రసారం రోజు ఖాసిం సాబ్ అల్వాల్‌లో కూతురింట్లో అందరినీ రేడియో ముందు కూర్చోబెట్టారట. మర్నాడు రెండు బస్సులు మారి మా ఆఫీసుకు వచ్చారు. కోపంగా లేరు. కోప్పడి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

"సార్, గా సంప్రదాయం ఎవలు? నేనైతే ఎన్నడు సూడలే. బాణీలు మొత్తం నేనే కట్టిన."

నాకు తల కొట్టేసినట్టయింది.

క్యూషీట్ మార్చాలంటే రచయిత ఉత్తరం, పై అధికారి ఆమోదం కావాలి. ఆ వారమే రాఘవరెడ్డి గారింటికి వెళ్లాను. ఉత్తరం రాసిచ్చి, "వాడు బాణీ ఇస్తెనే నాకు మాట దొరికేది. గీ ముక్క గూడ రాసుకోండ్రి" అన్నారు.

ఫైలు పైకి పంపాను. ఆ బాణీలు ఆయనవేననడానికి రుజువేమిటన్న ప్రశ్నతో రెండుసార్లు తిరిగొచ్చింది. రుజువు రికార్డింగ్‌లోనే ఉండాలి. కానీ ఆయన వాయించడం ఆపి మాట మార్పించిన ఆ ముక్కను, అనవసరమని, ఎడిటింగ్‌లో నేనే కోసేశాను. ముడి రికార్డింగును మా పద్ధతి ప్రకారం నెల తిరక్కుండా చెరిపేశారు.

వానాకాలంలో ఖాసిం సాబ్ పోయారు. ఫైలు తేలకుండానే నేను రిటైరయ్యాను. ఆ యక్షగానం ఇప్పటికీ అప్పుడప్పుడు వేస్తుంటారు. పేర్లు చదివేటప్పుడు రాఘవరెడ్డి గారు రేడియో కట్టేసి, పాట మొదలయ్యే వేళకు మళ్లీ పెడతారట.

నేను నేర్చుకున్నది ఒకటే. సంప్రదాయం అని రాసే ముందు, ఎదురుగా కూర్చున్న మనిషిని అడగాలి. అడగడానికి అర నిమిషం పట్టేది. నేను అడగలేదు.