ఒక్క ‘ది’ కోసం

అచ్చాఫీసులో అందరూ ఆమెను ప్రూఫు అక్కయ్య అంటారు. ఎర్ర పెన్సిలు చెవి వెనక దోపుకుని, వరస కింద వరస స్కేలు జరుపుతూ, బియ్యంలో రాళ్లేరినట్టు తప్పులేరుతుంది. చదువుతుంటే పెదాలు కదులుతాయి గానీ మాట బయటికి రాదు. ఇరవై ఆరేళ్లలో ఆమె సంతకం లేకుండా ఒక్క పేజీ మెషీనెక్కలేదు. ఆ రోజు తొందరలో ఎక్కించేశారు. ఇంగ్లీషు భూగోళం పుస్తకంలో ఉక్రెయిన్ పేరు ముందు ‘ది’ (the) కనపడగానే ఆమె గబగబా వెళ్లి మెషీను ఆపేసింది.

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. “ఒక్క ‘ది’కి ఆపేస్తావా అక్కయ్యా? నెదర్లాండ్స్‌కి లేదూ, ఫిలిప్పీన్స్‌కి లేదూ? దీనికుంటే కొంప మునుగుతుందా?”

“అవి బహువచనాలు బాబూ. నేలలూ దీవులూ బోలెడు కలిసిన పేర్లు, అందుకే ‘ది’ పడింది. దీనికి తగిలిస్తే ఇంకెవరి దేశంలోనో ఓ మూల అన్నట్టుంటుంది. అందుకే ఆ దేశం వాళ్లు వద్దంటున్నారు. ఎవరి పేరు వాళ్లు చెప్పినట్టే పిలవాలి.”

“సోమవారం బడులు తెరుస్తారు. తప్పుకో!”

“నన్ను పనిలోంచి తీసెయ్యి, ఫరవాలేదు. ఈ పేజీ మాత్రం పిల్లల చేతికి వెళ్లనివ్వను.”

ఓనరు చివరికి ఒప్పుకుని, ‘ది’ తీసేసిన కొత్త అచ్చు ప్లేటు చేయించేదాకా ఆమె మెషీను దగ్గరే నిలబడింది. మొదటి కాగితం రాగానే స్కేలు పెట్టి చదివి, కింది వరస దగ్గర ఆగింది. “ఇక్కడ గాంబియా ముందు ‘ది’ పడలేదు బాబూ. అది నది పేరు. ఆ ‘ది’ వాళ్లు కావాలనే పెట్టుకున్నారు.”

ఓనరు ఈసారి తనే ప్లేట్ల గదికి నడిచాడు.