సొరంగంలో గూడు

పట్టాలు తీసేసి, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ బాగుచేసిన పాత రైలు సొరంగం చూడ్డానికి ఓసారి వెళ్లాను. లోపల నా పక్కన ఒకామె నడుస్తోంది. ఎవరో తెలీదు. నాలాగే మొగుడు పోయిన మనిషి, నుదుట బొట్టు లేదు. ఎదురుగా సైకిళ్ల మీద కొత్త జంట వస్తున్నారు. పిల్ల మెడలో తాడు ఇంకా పచ్చగానే ఉంది.

గోడలో మనిషి పట్టేంత గూడు కనబడింది. నేను అందులో దూరి, ఆమె చెయ్యి పట్టి లాగాను.

"రా అప్పా, కొత్త పెళ్లోళ్లు! మన మొకాలు ఎదురుపడితే ఆళ్లకేటవుద్దో!"

ఆమె చెయ్యి విడిపించుకుంది. "ఈ గూడు రైలొత్తే పట్టాల కాడి పనోళ్లు తప్పుకోడానికి కట్టింది. మా ఆయన ఇందులోనే నిలబడీవోడు. ఇప్పుడు రైలేదీ? నువ్వు దాక్కుంటే దాక్కో, నన్ను లాగకు."

అని దారి మధ్యలోకి నడిచింది. ఆ పిల్ల సైకిలు ఆపి, "పిన్నీ, ఒక ఫొటో తీత్తారా?" అని ఫోను ఆమె చేతికే ఇచ్చింది. ముగ్గురూ నవ్వుకుంటున్నారు. నేను సిగ్గుతో గూట్లోంచి బయటికి రాలేకపోయాను. మా హార్బర్లో పడవలు చేపల వేటకి కదిలేటప్పుడు మొగుడు పోయినోళ్లం ఎదురు రాకూడదని, నా కొడుకు పోయిన నాటినుంచి కోడల్ని నాతోపాటు ఐసు పెట్టెల వెనక్కి లాక్కుపోయేది నేనే.

మర్నాడు హార్బర్లో పడవలు కదులుతుంటే కోడలు అలవాటుగా పెట్టెల వైపు నడిచింది. చెయ్యి పట్టి ఆపాను.

"ఏటత్తా?"

"ఇక్కడే నిలబడు, నా పక్కన."

"మరి ఇన్నాళ్లూ?" అంది.

దాని మొకం చూడలేక పడవల వైపు తిరిగాను.