ఎక్కడికని అడగని ఇల్లు

మా బావగారు పోయారు. మావారికి ఒక్కగానొక్క అన్నగారు, మా ఇంటికి పెద్ద దిక్కు. మొన్న మాఘ అమావాస్య వెళ్ళిన మర్నాడు, రేపల్లె దిగువన కృష్ణ ఒడ్డున, గాలం వేసుకుని కూర్చున్న చోటే ఆయన ప్రాణం పోయింది. తెనాలిలో మా ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట అంటున్నారు: పుణ్యాత్ముడు, మంచం పట్టకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయాడని. నేను తల ఊపుతున్నాను గానీ ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. ఆయన ఏ వేళకు పోయారో మాకు తెలియదు. మర్నాటి దాకా ఎక్కడున్నారో కూడా తెలియలేదు. తెలియకపోవడానికి కారణం, మా ఇంట్లో ఆయన్ని ఎక్కడికని అడిగే అలవాటు లేకపోవడమే.

నేను ఈ ఇంటికి కాపరానికి వచ్చింది అరవై మూడులో, పన్నెండేళ్ళ కిందట. అప్పటికే బావగారికి గాలం పిచ్చి అని ఊళ్ళో పేరు. కొలకలూరు పొలం ఆయనే చూసేవారు. ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పిళ్ళు అన్నీ దగ్గరుండి చేయించేవారు. పని తెరిపి ఇచ్చిందంటే మాత్రం మనిషి ఇంట్లో నిలిచేవారు కాదు. "ఇంత పొలం పెట్టుకుని కొంగలాగా నీళ్ళొడ్డున కూర్చుంటావేంట్రా?" అని మా అత్తగారు సణిగేది. "కొంగకి నాకన్నా ఓపికెక్కువే అమ్మా. దాంతో నన్ను పోల్చమాక," అనేవారు ఆయన, చొక్కా తొడుక్కుంటూ.

సణగడం వరకే. గాలానికి బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదని పెట్టింది కూడా ఆవిడే. అసలు గడప దాటే ఎవర్నీ అడగకూడదనుకోండి, అది అందరిళ్ళల్లోనూ ఉన్నదే. గాలం మనిషి విషయంలో అది ఇంకా గట్టి. అడిగితే చేప పడదట. పొరపాటున ఎవరైనా అడిగేశారా, వెళ్ళే మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి.

ఆ పొరపాటు ప్రతిసారీ చేసే మనిషి ఒకావిడ ఉండేది. మా తోటికోడలు, బావగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆయన చెప్పులు తొడుక్కుని మెట్టు మీద కాలు పెట్టేసరికి వంటింట్లోంచి "ఎక్కడికండీ?" అని వినపడేది. అత్తగారు తల బాదుకునేది. బావగారు విసుక్కుంటూ వెనక్కొచ్చి వసారాలో బల్ల మీద కూలబడేవారు. అక్క చెంగుతో గ్లాసు తుడిచి నీళ్ళు తెచ్చి ఇచ్చేది. ఇంత జరుగుతున్నా ఆవిడకి బుద్ధి రాదేమని కొత్తకోడల్ని నేను కూడా లోపల అనుకునేదాన్ని. రెండేళ్ళు తిరక్కుండానే టైఫాయిడ్ వచ్చి అక్క పోయింది. వాళ్ళకి పిల్లలు లేరు. బావగారు మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు.

చాలా కాలానికి, ఒక ముసురు రోజున, ఆయన వసారాలో కూర్చుని గాలాలకి సీసం గుండ్లు కడుతున్నారు. ఉన్నట్టుండి నాతో అన్నారు, "మీ అక్క మతిమరుపుతో అడిగేది కాదమ్మాయ్. కావాలనే అడిగేది. అడిగితే కాసేపు కూర్చుంటాను కదా, అందుకని." దారం పళ్ళతో కొరికి ముడి బిగించుకున్నారు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

నేను ఆయనతో ఏనాడూ ఒడ్డుకి వెళ్ళిన దాన్ని కాదు. ఆయన నీళ్ళ గురించి నాకు తెలిసిందంతా వంటింట్లోంచి తెలిసిందే. ఎండాకాలం కాలవలు కట్టేశాక ఆయన చెరువుల మీద పడేవారు. మిట్టమధ్యాహ్నం తలకి తువ్వాలు చుట్టుకుని వెళ్ళేవారు. ఆ ఎండలో ఏం పడతాయండీ అంటే, "నీళ్ళు కాగిపోయి ఊపిరాడక కొర్రమీను పైకొచ్చి గాలి మింగుతుందమ్మాయ్. సరిగ్గా అప్పుడు దాని మొహం మీద కప్పని ఆడించాలి," అని చెప్పేవారు. ఆ కొర్రమీనుకి బురద వాసన. బతికుండగానే తెచ్చి దొడ్లో గాబులో వదిలి, రెండు రోజులు మంచినీళ్ళు మార్చి, అప్పుడు కోయమనేవారు. కాలవలకి నీళ్ళు వదిలారంటే పశువుల పాక వెనక పెంటకుప్పలో ఎరకి ఎర్రలు తవ్వుకోవడం మొదలయ్యేది. ఎర్రటి కొత్తనీటికి చేప ఎదురెక్కుతుందని ఆయన ఉత్సాహం. పైన సాగర్ డ్యాం వచ్చాక ఆ కొత్తనీటికి వేళాపాళా లేకుండా పోయిందని మాత్రం చాలా బాధపడేవారు. "నీళ్ళు అవే, రంగు అదే, చేపకి మాత్రం నమ్మకం పోయింది," అనేవారు. దసరా వెళ్ళాక తుఫాను వానలకి మురుగుకాలవలు నిండితే వాలుగ చేపల వేట.

వీటన్నిటికన్నా ఆయనకి ప్రాణం పండుగప్ప చేప. అది సముద్రం నుంచి పోటుతో పాటు కాలవల్లోకి, నదిలోకి ఎక్కుతుంది. చలి తగ్గిన దగ్గర్నుంచీ ఇక ఆయనకి రెండే ఊళ్ళు. ఒకటి బాపట్ల, అక్కడ డ్రైను సముద్రంలో కలిసే చోటు. రెండోది రేపల్లె, పెనుమూడి రేవుకి దిగువన. రెండు చోట్లా తెలిసినవాళ్ళ దగ్గర గాలానికి ఒక్కొక్క వెదురు గెడ ఉంచుకున్నారు. అందుకని తెనాలి నుంచి వెళ్ళేటప్పుడు చేతిలో గుడ్డసంచి తప్ప ఏమీ ఉండేది కాదు. సంచిలో పెరుగన్నం, మాగాయ ముక్క. చూసేవాళ్ళకి ఆయన ఏ రైలు ఎక్కుతున్నారో, అసలు ఎందుకు వెళుతున్నారో కూడా తెలిసేది కాదు.

మొదటిసారి ఆయన పండుగప్ప తెచ్చిన రోజున దాన్ని బాగుచేస్తూ నేను వేలు కోసుకున్నాను. దాని మొప్ప మీది చెవి రేకు కత్తిలా ఉంటుందని నాకేం తెలుసు? రక్తం చూసి ఆయన పరుగున వెళ్ళి పసుపు తెచ్చారు. ఆ తరువాత ఇన్నేళ్ళలో ఏ పండుగప్పా ఆ పదును తీయకుండా నా చేతికి రాలేదు. ఒడ్డునే రాయి మీద అరగదీసుకుని వచ్చేవారు. నేను ఎప్పుడూ అడగలేదు, ఆయనా ఎప్పుడూ చెప్పలేదు. చేప తలకాయ చేతిలోకి తీసుకోగానే వేలికి నున్నగా తగిలేది. మా ఇంట్లో ఆయన ప్రేమ అంతా అట్లాగే ఉండేది, పైకి మాట లేకుండా.

ఆ రోజు పొద్దున నేను దొడ్లో గిన్నెలు తోముతున్నాను. ఆయన వెళ్ళడం చూశాను. సంచి భుజాన వేసుకుని గేటు తీసి, తడి నేల మీద జాగ్రత్తగా అడుగేసి వెళ్ళారు. కొంచెం నీరసంగా ఉన్నారా అంటే, ఇప్పుడు అనుకుంటే అనిపిస్తుంది. అప్పుడు ఏమీ అనిపించలేదు. నా పని నేను చేసుకున్నాను. అత్తగారు వసారాలో కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. ఆవిడా ఏమీ అనలేదు.

సాయంత్రం రాలేదు. ఆటుపోట్లని బట్టి ఒక్కోసారి అక్కడే ఉండిపోవడం ఆయనకి మామూలే. మర్నాడు పొద్దున్న మొదటి రైలుకీ రాకపోయేసరికి మావారు చొక్కా వేసుకున్నారు. "అన్నయ్య వారం నుంచీ బాపట్ల మాటే ఎత్తుతున్నాడు. అక్కడికే వెళ్ళుంటాడు. దారికి కాసిని నీళ్ళివ్వు," అన్నారు. నేను గూట్లో మరచెంబు కోసం చూశాను. ఇత్తడిది, మూత తిప్పి బిగించేది, ప్రయాణాలకి వాడేది. గూడు ఖాళీగా ఉంది.

"ఆయన బాపట్ల వెళ్ళలేదండీ. రేపల్లె వెళ్ళారు," అన్నాను.

"నీతో చెప్పాడా?"

చెప్పలేదు. కానీ బాపట్ల ఇసకలో రెండు మూరలు తోడితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. అక్కడికి ఆయన నీళ్ళు పట్టుకెళ్ళిన రోజు లేదు. రేపల్లె దిగువన నది ఉప్పు, నేలా ఉప్పే. మరచెంబు గూట్లో లేదంటే ఆయన ఎక్కడున్నారో నాకు ఈ పన్నెండేళ్ళుగా తెలుసు. ఆ మాటే మావారితో చెప్పాను. నేనూ వస్తానన్నాను. ఆడది ఒడ్డుకెందుకని అంటుందనుకున్న మా అత్తగారు, "వెళ్ళవే, వాడు నీకే తెలుసు," అంది.

పెనుమూడి రేవులో పడవ నడిపే అతని దగ్గరే బావగారి గెడ ఉంటుంది. మేము వెళ్ళేసరికి అతను పడవలో నీళ్ళు తోడిపోస్తున్నాడు. "నిన్న పొద్దున్నే వచ్చి గెడ తీసుకున్నారండి బాబాయిగారు," అన్నాడు. అమావాస్య వెళ్ళిన రోజుల్లో ఆటు గట్టిగా లాగుతుందని, పక్క పాయ నదిలో కలిసే నోట్లోంచి చిన్న చేపలన్నీ నదిలోకి కొట్టుకొస్తాయని, పండుగప్ప అక్కడే కాచుకుని ఉంటుందని బావగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు చెప్పలేదు? "పాయ నోటి దగ్గర చూశావా నాయనా?" అని అడిగాను.

"అక్కడే ఉన్నారమ్మా. నీళ్ళంచున మడచెట్టు కింద కూర్చునున్నారు. ఇప్పుడే చూసొచ్చా."

మావారు గట్టిగా నవ్వారు. ఈ మనిషి ఇంటికి రానీ, ఈసారి నేనే నాలుగు మాటలు అంటానని అనుకున్నాను. "ఎంతసేపైంది కూర్చుని?" అని మావారు ఇంకా నవ్వుతూనే అడిగారు.

"నిన్న సందేళ అవతల నుంచి వస్తా చూశానండి. అట్టాగే కూర్చునున్నారు. ఇందాకా అట్టాగే ఉన్నారు." అతని చేతిలో నీళ్ళు తోడే డబ్బా ఆగిపోయింది. "గాలం తాడు నీళ్ళల్లో ఉంది కదండీ. తాడు నీళ్ళల్లో ఉన్నప్పుడు పలకరించొద్దని ఆయనే చెప్పారండి. చేప బెదురుద్దని. నేను... నేను పడవ గెడ చప్పుడు కూడా కాకుండా దూరంగా తిప్పుకుని వచ్చానండి."

ముగ్గురం అతని పడవలో వెళ్ళాం. మడచెట్టు మొదలుకి వీపు ఆనించి, తల కొంచెం పక్కకి వాల్చి ఉన్నారు. గెడ మోకాళ్ళ మధ్య నిలబడే ఉంది. ఆటుకి తాడు బిగిసి, వదులై, మళ్ళీ బిగుస్తోంది. మావారు "అన్నయ్యా" అని పిలిచిన పిలుపు నేను చచ్చేదాకా మరిచిపోలేను. మరచెంబు ఆయన కుడిచేతి పక్కన ఉంది. తీసి చూశాను. బరువుగా ఉంది. మూత బిగించింది బిగించినట్టే ఉంది. మా తెనాలి బావి నీళ్ళు ఒక్క గుక్కైనా తాగలేదాయన.

ఆ పడవ మనిషి కర్మకి వచ్చాడు. మా వసారాలో ఒక మూల నిలబడి, "పిలవాల్సింది అమ్మా, పిలవాల్సింది," అని ఏడ్చాడు. తప్పు అతనిది కాదు. మేం పొద్దున అడగలేదు, అతను సాయంత్రం పిలవలేదు. ఆయన మీద గౌరవంతోనే అందరం నోరు మూసుకున్నాం. పిలిస్తే బతికేవారా అంటే డాక్టరు గారు చెప్పలేనన్నారు. అడిగి ఉంటే, వెనక్కొచ్చి బల్ల మీద కూర్చుని ఉంటే, ఆ నీరసం నా కంటపడి ఉండేదేమో. పడకపోనూ వచ్చు. కనీసం గ్లాసుడు నీళ్ళు తాగినంతసేపు మా ఎదురుగా ఉండేవారు. మా అక్కకి తెలిసిన ఆ చిన్న విషయం మాకెవరికీ తెలియకపోయింది.

మరచెంబు మళ్ళీ గూట్లోకి వచ్చింది. మూత నేను తియ్యలేదు. తియ్యబుద్ధి కాలేదు.

నిన్న మావారు బాపట్ల ప్రయాణమయ్యారు, అక్కడున్న బావగారి గెడ తెచ్చుకుందామని. చెప్పులు తొడుక్కుని మెట్టు దిగుతున్నారు. వసారాలో అత్తగారు గోడకి ఆనుకుని కూర్చునుంది. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ గొంతు మేం వినడమే తక్కువ.

"ఎక్కడికిరా?" అంది.

మావారు మెట్టు మీదే ఆగిపోయారు. నేను వంటింటి గుమ్మంలో ఆగిపోయాను. ఆవిడ నోట ఆ మాట ఈ ఇంట్లో ఎన్నడూ వినలేదు. ఆవిడ కొడుకు వైపే చూస్తోంది, మళ్ళీ అడుగుతుందేమో అన్నట్టు.

మావారు చెప్పులు విప్పి వెనక్కొచ్చారు. "బాపట్లకమ్మా. సాయంత్రం బండికి వచ్చేస్తాను," అని, అన్నగారు కూర్చునే చోట, బల్ల మీద కూర్చున్నారు. నేను గూట్లో మరచెంబు పక్కనున్న గ్లాసు తీసి, చెంగుతో తుడిచి, కుండలో నీళ్ళు ముంచి తెచ్చాను. ఆయన నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ తాగారు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, బండి టైమవుతున్నా, వెంటనే లేవలేదు.