బోల్టుకు దండం

గోపన్‌పల్లిలో నాకు జీపులు బాగుచేసే షెడ్డు ఉంది. పోయిన వానాకాలం ఒక సాఫ్ట్‌వేర్ సారు జీపు చాసిస్‌లో బోల్టు విరిగి ఇరుక్కుంది. అది బయటికి రాకపోతే చాసిస్ కోయాల్సిందే. సారు ముఖం వాడిపోయింది.

విరిగిన ముక్కకు నట్టు వెల్డింగ్ చేసి, ఆ వేడిమీద మైనం కరిగిస్తే బోల్టు జారి వస్తుంది. అందుకే, "జర ఒక కొవ్వొత్తి తెండ్రి సార్" అన్నాను.

ఆయన పూజ అనుకున్నట్టున్నాడు. కొవ్వొత్తితోపాటు కొబ్బరికాయ, అగరుబత్తీలు కూడా తెచ్చాడు. చెప్పులు విడిచి, జీపు పక్కన కళ్లు మూసుకుని దండం పెట్టాడు.

నవ్వు ఆపుకుంటూ నట్టు వెల్డింగ్ చేసి, మైనం కరిగించి, పానాతో తిప్పాను. బోల్టు ఊడి, సెగలు కక్కుతూ ఆయన కాలి పక్కనే పడింది.

"కాలు తియ్యిండ్రి సార్" అని అరిచాను. ఆయన ఎగిరి బానెట్ ఎక్కేశాడు.

"ఏమైందండీ?"

"ఏం కాలే సార్, బోల్టు బయటికెల్లింది."

"చూశారా, గట్టిగా మొక్కుకున్నానండీ."

మైనం సంగతి చెప్పబుద్ధి కాలేదు. నా పనికి చెప్పులు విడిచి నిలబడ్డ మనిషి ఆయనొక్కడే మరి.