ఎవరూ తొయ్యకండి

మా ఇల్లు గోపాలపట్నంలో కొండవాలు మీద ఉంది. కింద బజారు రోడ్డు దగ్గర మొదలైన మా వీధి, సగం దూరంలో అన్నయ్య ఇంటి ముందు మరీ నిటారుగా లేచి, మా గుమ్మం దగ్గర ఆగిపోతుంది. రెండు కాళ్ళూ ఉన్నప్పుడు ఆ వీధి ఎత్తుగా ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. పోర్టులో సరుకు ఎత్తే పనిలో ఉండగా ఒకరోజు బరువుకి కట్టిన తాడు జారింది. నా ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది.

ఆటోవాళ్ళు ఈ ఎత్తు ఎక్కలేమని నన్ను వీధి మొదట్లోనే దింపేస్తారు. పెట్టుడు కాలుతో నేను ఎక్కుతుంటే ఎవరో ఒకరు వచ్చి మోచెయ్యి పట్టుకుంటారు, ఇంకొకరు నడుం మీద చెయ్యేసి వెనకనుంచి తోస్తారు. అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనమంటేనే నాకు ఒళ్ళు మంట. నా ఇంటికి నేను వెళ్ళడానికి నలుగురి చేతులెందుకు?

పెరట్లో పట్టా కింద నా పాత బైకు పడి ఉండేది. దాన్ని తుక్కుకి వేసి, పక్కచక్రాల స్కూటరు కొనుక్కోమన్నాడు అన్నయ్య. ఆ స్కూటర్ల మీద ఎంతోమంది దర్జాగా తిరుగుతున్నారు, నేను కాదనను. కానీ నాకు నా ఇంజను కావాలి. ఆలోచిస్తే దారి ఎదురుగానే ఉంది. బైకు క్లచ్ చేత్తో నొక్కేదే, దానికి ఎడమకాలితో పనేముంది? గేరు ఒక్కటే కాలిపని. దానికో కర్ర పెట్టి, ఆ కర్రకే క్లచ్ లివరు బిగిస్తే రెండూ ఎడమచేతికే వస్తాయి. ఎక్సిలేటరుకీ బ్రేకుకీ కుడికాలు ఉండనే ఉంది. ఇంక ఆ ఇంజను చుట్టూ కారు కట్టడమే తరువాయి.

ఈ మాటకి నవ్వనివాడు ఒక్కడే, వన్ టౌన్‌లో ఇనుము చెక్కే లేతు మిషను నడిపే మా బావ. బావంటే చుట్టరికం కాదు. అతను సాయిబు, నేను రైతులింట పుట్టినవాణ్ణి, కుర్రతనం నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

"ఇంజను నీది, లేతు నాది. ఆపీవోడెవడు బావా?" అన్నాడు.

ఇనప చట్రం, చక్రాలు, స్టీరింగు, సీట్లు విడిభాగాల కిట్టుగా పార్శిల్లో తెప్పించాం. పెరట్లో కూర్చుని ఒక్కొక్కటే బిగించుకున్నాం. రివర్సు గేరు ఏదని అడిగినవాళ్ళకి, బైకుకి ఉండదు, నాకూ లేదు అని చెప్పేవాణ్ణి. "ఈడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అని అన్నయ్య నలుగురిలో అనేసి, వెంటనే నా కాలు వైపు చూసి నాలిక కరుచుకున్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆ పూట అన్నం సయించనిది అన్నయ్యకే.

వీధిలో అందరూ దాన్ని నాలుగు చక్రాల బైకు అన్నారు. నేను ఒప్పుకోలేదు. కారు అనండి, లేదంటే మాట్లాడకండి అన్నాను. పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. అంతకుముందే ఇంజనుకి కొత్త ఆయిల్ పోశాను. షాపులో పదిమంది వినేలా "కారుకి ఇవ్వు, మంచి రకం" అని అడిగి తెచ్చిన డబ్బా అది.

"కారుకి కారు ఆయిలే పొయ్యాల మరి" అని బావ కూడా తల ఊపాడు.

కారు చదునులో చక్కగా పరిగెత్తింది. వీధి మలుపు తిరిగి అన్నయ్య ఇంటి ముందుకి వచ్చేసరికి ఇంజను గొంతు చించుకుని అరిచింది గాని బండి కదల్లేదు. ఇంకా తొక్కితే ఇంకా అరిచింది. ఇంజను తిరుగుతోంది, ఆ తిరుగుడు చక్రాలకి చేరడం లేదు, మధ్యలో క్లచ్ జారిపోతోంది. నా కాలు ఇంకా ఎక్సిలేటరు మీదే ఉంది, బండి మాత్రం మెల్లగా వెనక్కి వస్తోంది. అన్నయ్య పరిగెత్తుకొచ్చి వెనక చక్రం కింద రాయి పెట్టాడు. తర్వాత వీధి వీధంతా చేరి నన్ను కారుతో సహా మా గుమ్మం దాకా తోసింది. ఇంతకుముందు నన్నొక్కణ్ణే తోసేవాళ్ళు, ఇప్పుడు నాతోపాటు అంత ఇనుముని కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం అన్నయ్య మా అరుగు మీద కూర్చున్నాడు.

"ఒరే, ఆదివారం దాకా సూత్తాను. దానంతట అది మీ గుమ్మానికి ఎక్కిందా, నాను నోరెత్తను. నేదంటే తుక్కోడిని పిలిసి ఎత్తించీసి, స్కూటరు నానే కొంటాను. నిన్నిలాగ జనం తోత్తంటే నాను సూడనేను రా" అన్నాడు.

"సరే. ఆదివారం నీ ఇంటి ముందు నుంచే ఎల్తాను" అన్నాను.

ముందు క్లచ్ వైరు చూశాం. బిగుతుగా ఉంటే జారుతుంది, కానీ ఉండాల్సిన వదులు ఉంది. స్ప్రింగులు గట్టివి వేశాం. లివరు నొక్కేసరికి నా అరచెయ్యి కాయలు కాసింది గాని క్లచ్ మాత్రం జారుతూనే ఉంది. చివరికి మూత విప్పి క్లచ్ ప్లేట్లు బయటికి తీశాం. అరిగిన జాడ లేదు. తుడిచి చేతికి తీసుకుంటే అరటితొక్కలా వేళ్ళలోంచి జారింది ఒకటి. జారేది ఏదైనా నాకు పడదు. విసిరికొట్టబోయి ఆగాను.

"బావా, కారులో క్లచ్ ఎక్కడుంటాది?" అన్నాను.

"ఇంజను బయట. పొడిగా."

"బైకులో?"

"ఇంజను ఆయిల్లోనే మునిగి..." అని ఆగిపోయాడు. ఇద్దరం ఒకేసారి గోడవారనున్న ఖాళీ డబ్బా వైపు చూశాం. కారు ఆయిల్లో ఇంజను నునుపుగా తిరగడానికి మందులు కలుపుతారు. పొడి క్లచ్‌కి వాటితో గొడవ లేదు. ఆయిల్లోనే బతికే బైకు క్లచ్‌కి ఆ నునుపే శత్రువు. ఊరందరిచేతా కారు అనిపించాలన్న పంతంలో, ఆ సంగతి ఇంజనుకి తెలియదని ఇద్దరం మరిచిపోయాం. అదింకా తను బైకే అనుకుంటోంది.

"నీ కారు కాలిపోనూ" అని బావ నేల మీద కూలబడి నవ్వాడు. నాకూ నవ్వు ఆగలేదు.

పాత ఆయిల్ వంపేసి ఇంజను కడిగాం. బావ వన్ టౌన్ నుంచి కొత్త ప్లేట్లు తెచ్చాడు. బిగించే ముందు వాటిని బైకు ఆయిల్లో ఒక పూటంతా నానబెట్టాలి. చేతికి అందిన స్టీలు బేసిను తీసుకున్నాను. నా భార్య దాన్ని పూర్ణా మార్కెట్‌లో ముచ్చటపడి కొనుక్కుంది.

"ఏటండీ ఇది? మినపప్పు నానబోసుకోడానికి కొన్నాను దాన్ని" అంది.

"కొత్తది కొంటాన్లే."

"ఇంతా సేసి ఎక్కకపోతే?"

"ఎక్కుతాది."

ఆమె బేసిను నా వైపు జరిపింది. "ఎక్కకపోనా నాను మాత్రం తొయ్యను. పక్కన కూకుంటాను, అంతే" అంది. పెళ్ళయినప్పటి నుంచీ నాతో అన్న మాటలన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే.

ఆదివారం నా భార్యని పక్కన కూర్చోబెట్టుకుని వీధి కింద నుంచి బయల్దేరాను. అరుగుల మీద జనం. అన్నయ్య తన గేటు ముందు అదే రాయి పట్టుకుని నిలబడ్డాడు. మలుపు తిరిగాక కుర్రాళ్ళు కొందరు అలవాటుగా వెనక చేరారు.

"ఎవరూ తొయ్యకండి!" అని అరిచాను.

బండి ఊపు మీద ఉంది, అలాగే పోనిస్తే గుమ్మం చేరేదే. కానీ ఊపు మీద ఎక్కితే అది క్లచ్ గెలుపు కాదు. సరిగ్గా అన్నయ్య ముందు, ఆ నిటారు చోట, బ్రేకు తొక్కి ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగాను. అందరూ అయ్యో అన్నారు. అన్నయ్య రాయితో చక్రం దగ్గరికి వంగాడు.

"రాయి పెట్టకు. ఎక్కి కూకో" అన్నాను. నా భార్య వెనక సీటులోకి మారింది.

"నాను బరువురా."

"తెలుసు. ఎక్కు."

రాయి వదలకుండానే ఎక్కి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి గేరు వేసి, హ్యాండ్‌బ్రేకు దింపుతూ లివరు మెల్లగా వదిలాను. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆ పట్టు నా అరచేతికి తెలిసింది. బండి ముక్కు కొద్దిగా లేచింది, ఇంజను అరవకుండా మూలిగి, నన్నూ నా భార్యనీ అన్నయ్యనీ రాయినీ పైకి లాక్కుపోయింది.

మా గుమ్మం ముందు ఆపాను. అన్నయ్య దిగడానికి కాలు బయటపెట్టి, ఏదో గుర్తొచ్చి, నన్ను దింపుదామని నా మోచెయ్యి పట్టుకోవడానికి ఇటు తిరిగాడు. రెండు చేతుల్లోనూ రాయి ఉంది.

"దింపీ అన్నియ్యా దాన్ని" అన్నాను. వంగి రాయిని మా మెట్టు పక్కన పెట్టాడు. అతను లేచి నిలబడేసరికి నేను దిగిపోయాను.