రెండు పొయ్యిల ఇల్లు

మైదుకూరులో మా ఇంటి పెరట్లో మా జేజికి, అంటే మా నాయనమ్మకు, వేరే పొయ్యి ఉండేది. మంత్రాలయం మొక్కు ఉందని గురువారాలు ఒంటిపూట ఉండి, తన అన్నం తానే వండుకునేది. మిగతా రోజుల్లో ఆ పొయ్యి మీదే ఎద్దులకు ఉలవలు ఉడికేవి. దాన్ని చూసి మా ఇల్లు వేరుపడిందని ఎవరైనా అని ఉంటే జేజి చీపురు తిరగేసేది. ఇదంతా తెలిసినవాణ్ణే నేను. ఈ మాట ముందుగా ఒప్పుకుంటే గానీ మిగతాది చెప్పడానికి నాకు నోరు రాదు.

పీహెచ్‌డీ కోసం ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లెలో సర్వే మొదలుపెట్టాను. సేద్యం చేసుకునే ఇంట్లోకి సిమెంటు ఫ్యాక్టరీ జీతం వస్తే ఆ ఇంటి ఉమ్మడి కాపురం ఏమవుతుందన్నది నా ప్రశ్న. అసలు కుటుంబమంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి కదా. దానికి మా ఫారంలో ఒక సూత్రం పెట్టుకున్నాం: ఒక పొయ్యి, ఒక కుటుంబం. యూనివర్సిటీలో ఫ్యాను కింద కూర్చుని రాసుకున్నప్పుడు అది ఎంతో తెలివైన మాటగా తోచింది.

ఆ ఊళ్లో ఒక నాపరాళ్ల ఇల్లు. మొగుడు పోయిన ఒక అవ్వ, ఆమె ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు ఉంటున్నారు. పెద్దకొడుకు చేనులో చెనక్కాయ పంట వేస్తాడు. చిన్నకొడుకు ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతాడు. వంటింట్లో ఒక గ్యాస్ పొయ్యి, వసారాలో ఇంకొక చిన్నది. తెల్లారకముందే బయలుదేరే మొగుడికి క్యారియర్ కట్టడానికి, లోపల పడుకున్నవాళ్ల నిద్ర చెడగొట్టకుండా, చిన్నకోడలు దాన్ని బయట పెట్టుకుంది.

“అవ్వా, మా లెక్క ప్రకారం మీరు రెండు కుటుంబాలు” అన్నాను.

“అదెట్లప్పా? బియ్యం ఒగటే, పప్పు ఒగటే. రెండు పొయ్యిలుంటే రెండు కాపురాలా? మా ఇంట్లో చేటలు మూడుండాయి, మూడు కాపురాలని రాసుకుంటావా?”

నవ్వాను. ఆ గడి నింపితే గానీ ట్యాబ్‌లో తర్వాతి ప్రశ్న రాదు. ఎండ మండిపోతోంది, ఇంకా శానా ఇళ్లు మిగిలి ఉన్నాయి. నవ్వుతూనే తలుపు మీద కుటుంబానికొకటి చొప్పున రెండు నెంబర్ల స్టిక్కర్లు అంటించాను. “సరేలే, నీ రాత నీది. సంగటి తిని పో” అని అవ్వ ముద్ద పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసింది. కడుపునిండా తిన్నాను.

మా సీమలో తలుపుకు నెంబరు పడిందంటే అది సర్కారుదే. దాని వెంట రేషన్ కార్డో ఇంటి స్థలమో వస్తుందని అందరి నమ్మకం. ఇది ఒట్టి చదువు కోసమని నేను మొత్తుకున్నా ఎవరు వింటారు! వారం తిరక్కుండానే కొళాయి దగ్గర ఆడవాళ్లు పెద్దకోడల్ని అడిగారట, వేరుపడినారంట గదా అని. తమకు చెప్పకుండా చిన్నవాళ్లు వేరే రాయించుకున్నారని ఆమె నొచ్చుకుంది. తాను రాయించలేదని చిన్నవాడు ఒట్టు పెట్టుకున్నాడు. మరి నెంబరు ఎట్లొచ్చిందని అన్న అడిగాడు. నేనే అంటించి పోయానని అవ్వ చెప్పినా ఎవరూ వినలేదు. మాటకు మాట పెరిగింది, ఎప్పటెప్పటివో పాత మాటలన్నీ బయటికొచ్చాయి. అప్పుడు నేను యూనివర్సిటీలో టేబుళ్లు గీసుకుంటున్నాను.

ఇవన్నీ మరుసటి ఏడాది, అవే ప్రశ్నలు మళ్లీ అడగడానికి పోయినప్పుడు, అవ్వే చెప్పింది. అప్పటికే వసారాకు నడుమ నాపరాళ్లు నిలబెట్టి గోడ కట్టారు. ఆమె బయట అరుగు మీద కూర్చుని ఉంది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“పెద్దోని కాడ ఒక నెల, చిన్నోని కాడ ఒక నెల. నన్ను యాడ రాస్తావో రాసుకో” అంది.

తర్వాత మా గైడుతో ఈ సంగతి చెప్పుకుంటే ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. నెల జీతం చొరబడిన ఇల్లు ఎప్పటికైనా చీలేదేననీ, నా స్టిక్కరు ఒక వంక మాత్రమేననీ అన్నాడు. నిజమే కావచ్చు. నా థీసిస్‌లో ఒక అధ్యాయమంతా వాదించింది కూడా అదే. గడ్డి ఎండి ఉంటే ఉండవచ్చు, అగ్గిపుల్ల గీసింది మాత్రం నేను. ఆ అధ్యాయం తెరిచిన ప్రతిసారీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఆ రోజు అరుగు మీద, ఆమె పక్కనే కూర్చుని ట్యాబ్ తీశాను. పొయ్యిలు రెండు, కుటుంబాలు రెండు. పోయిన ఏడాది నేను తప్పు రాసిన చోట ఈసారి దిద్దాల్సిందేమీ లేదు. ఫారం మూసి లేచాను. మధ్యాహ్నం దాటింది, గోడకు అవతల ఎవరో సంగటి కెలుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. అవ్వ ఆ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“తిని పో అందామంటే, నేనే వంతుకు తింటాండా నాయనా. నాది అనేదానికి ఈ ఇంట్లో పొయ్యి ల్యాదు.”