సచ్చినోళ్లకు సన్న గీతలు

ఒక్క నొక్కుడుతోని సచ్చినోళ్లను బతికిచ్చిన మొగోణ్ని నేను. దేవుళ్లకైతే తపస్సులు, వరాలు, మధ్యల ఓ రాక్షసుడు కావాలె. నాకు మౌస్ సరిపోయింది. ఆనక వాళ్లను మళ్ల సంపలేక నేను సచ్చిన సావు ఉన్నది చూడుండ్రి, గది చెప్త.

అప్పట్ల కంప్యూటరంటే చెప్పులు బయట ఇడిసి లోపలికి పోయే గుడి. నయాపూల్ కాడ ఓ గల్లీల యాదగిరన్న డీటీపీ సెంటర్, నేను దాంట్ల ఆపరేటర్‌ని, పుస్తకాలకు పేజీలు కూర్చేటోణ్ని. ఏసీ పెట్టింది కంప్యూటర్ కోసం. పక్కన కూసున్న పుణ్యానికి నాకు సుత గాలి తగిలేది. మా బాపుది గౌలిపురల దాణా దుకాణం. అంటే నా ముందల రెండే దారులు: ఏసీల కూసుండి మౌస్ పట్టుడు, లేకుంటే ఎండల తవుడు మూటలు మోసుడు. డిగ్రీ ఫెయిలైనోనికి భగవంతుడు మూడో దారి పెట్టలే.

గట్లాంటి టైముల మా కులసంఘం పుస్తకం పని వచ్చింది. ఏటేటా ఏసేదే. ముందల పెండ్లీడుకొచ్చినోళ్ల ఫొటోలు, ఎన్క ఆ ఏడు పోయినోళ్ల ఫొటోలు. పెండ్లి కావాల్సినోళ్ల చుట్టు సన్న గీతలు, పోయినోళ్ల చుట్టు లావు నల్ల గీత. నల్ల డబ్బా కనవడితే సదువు రానోడు సుత "అయ్యో పాపం" అని పేజీ తిప్పుతడు. కింద ఏం రాసిండ్రో ఎవ్వడు చూడడు.

పోయినేటి పుస్తకంల పేజీకో తీరు గీత. ఒకదాంట్ల చుక్కలు, ఒకదాంట్ల మూడు గీతలు, ఇంకోదాంట్ల పూలతీగ. సంఘం ప్రెసిడెంట్ రాజలింగం సేటు దాన్ని తెచ్చి మా టేబుల్ మీద కొట్టిండు.

"ఏంది యాదగిరీ ఇది? పుస్తకమా, బొంతనా?"

"ఈసారి మా పోరడు చూస్కుంటడు సేటు. గీతలన్నీ ఒక్క తీరుగ ఉంటయి."

"ఒక్కటి తేడా వచ్చినా లొల్లే మరి!"

సేటు పోయినంక అన్న నా దిక్కు తిరిగిండు. "బుక్కు మంచిగొచ్చిందా, నీ నౌకరి పక్కా. లేకుంటే తవుడే."

ఇగ చూడుండ్రి నా భక్తి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటరు, నేను పట్టిన డబ్బాకు రెండే గీతలు. పోయినేటి పేజీలల్లనే కొత్త ఫొటోలు ఎక్కిచ్చిన. పేజీ తెరుసుడు, డబ్బాలన్నీ ఒక్కసారి పట్టుడు, రెండు సన్న గీతలు ఎక్కిచ్చుడు. చుక్కలు పోయినయి, పూలతీగలు ఎండినయి. ఆఖరి పేజీల లావు నల్ల గీతలు ఎదురొచ్చినయి. అప్పటికి నాకు మనుషులు కనవడుడు బందైంది, గీతలే కనవడుతున్నయి. ఊరంతా ఒక దారైతే వీళ్లదేంది వేరే దారి, అనుకున్న. పట్టిన, నొక్కిన. శ్రద్ధాంజలి అన్న మాట దానికి ముందటి పేజీల ఉన్నది. నా బుద్ధి ఏ పేజీల ఉన్నదో ఇప్పటికీ దొర్కలే.

ప్రూఫు సేటు చూసిండు. మొదటి పేజీల తన ఫొటో చూసిండు, మళ్ల ఓసారి తన ఫొటోనే చూసిండు, మిగిలింది గబగబ తిప్పిండు.

"శభాష్! అన్ని గీతలు ఒక్క తీరు!"

పుస్తకం జిల్లాలకు పోయింది. కొన్నొద్దులకు సేటు మా సెంటర్ల వడ్డడు, చెప్పులతోనే.

"మా పెద్దన్నకు సంబంధమొచ్చింది!"

"మస్తు సంతోషం సేటు," అన్న నేను.

"ఉగాదికి పోయిండురా ఆయన! వయసు జర ఎక్కువైనా పర్వాలేదంటున్నరు అవుతలోళ్లు!"

నవ్వు ఆపుకోవాలంటే నోట్లె రుమాలు కుక్కుకోవాలె. రుమాలు తీస్తున్న, సేటు రెండో మాట చెప్పిండు. మొఘల్‌పురాల అనసూయమ్మ కొడుకు కామెర్లతోని పోయిండు గదా, ఆ పిలగానికి సుత వచ్చిండ్రట, సిద్దిపేట నుంచి.

రుమాలు జేబులనే ఉండిపోయింది.

"ఆమె ఏమంటే గదే," అన్నడు యాదగిరన్న. "పోయి కాళ్లు మొక్కు. మాఫ్ చేస్తే ఉంటవు, లేకుంటే లేవు."

ముగ్గురం పోయినం. ఆమె తిడ్తదనుకున్న. తిట్టలే. కుర్చీ ఏసింది.

"మొన్న సిద్దిపేటోళ్లొచ్చి, ఫొటో చూసినం, పిలగాడు నచ్చిండు అన్నరు బిడ్డా. కూసోండ్రి అన్న. చాయ్ పెట్టిన."

"పోయిండని చెప్పలేదా అమ్మా?" అని అడిగిన.

"ఎట్ల చెప్పాలె? వాని పేరెత్తితే మా చుట్టాలంత మాట మారుస్తరు. వీళ్లు గంటసేపు వాని ముచ్చటే అడిగిండ్రు. ఏం తింటడు, కోపమెక్కువనా అని. అన్నీ చెప్పిన. ఇగ ఇయ్యాల పిలగాణ్ని చూస్తమని వస్తున్నరు. నాతోని కాదు, నువ్వే చెప్పు."

లొల్లి చేద్దామనొచ్చిన సేటు పైన ఫ్యాను దిక్కు చూసిండు.

సిద్దిపేట చంద్రయ్య, భార్య, అరటిపండ్ల సంచి వచ్చి కూసున్నరు. చంద్రయ్య నన్ను కిందికెల్లి మీదికి చూసిండు.

"ఈయనేనా పిలగాడు? ఫొటోల జర తెల్లగున్నడు."

"నేను కాదు బాపు. ఆ పిలగాడు... లేడు. పోయిండు. ఫొటో చుట్టు నల్ల గీత ఉండాలె. నేనే తీసేసిన."

"ఎందుకు తీసినవు?"

"అన్నీ ఒక్క తీరుగ ఉండాలని."

చెప్పినంక నాకే ఇనబుద్ధి కాలే. చంద్రయ్య భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అనసూయమ్మ అందరికి చాయ్ తెచ్చింది. చంద్రయ్య సాసర్ల పోసుకోని నిమ్మలంగ తాగిండు, మూతి తుడుసుకున్నడు, మళ్ల నా దిక్కే చూసిండు. ఆడపిల్ల తండ్రి, బస్సెక్కి వచ్చినోడు, ఉత్త చేతులతోని ఎట్ల పోతడు?

"మరి నువ్వేం చేస్తవు బాబు?"

"కంప్యూటర్ నౌకరి," అన్న.

యాదగిరన్న కప్పు కింద పెట్టిండు.

"నిన్నటిదాంక," అన్నడు.

సేటు మనుషుల్ని పంపి ఆ పుస్తకాలన్నీ వాపస్ తెప్పిచ్చి నల్ల గీతలతోని మళ్ల ఏయిచ్చిండు. అందరు ఇచ్చిండ్రు. అనసూయమ్మ ఇయ్యలే.

నేను మాత్రం తవుడు మూట మీద చెయ్యి పెట్టి, గౌలిపుర బర్రెల సాక్షిగ ప్రమాణం చేసిన: ఇగ ఈ జన్మల ఏ మనిషి చుట్టు గీత గియ్య. గియ్యాల్సొస్తే ముందుగాల అడుగుత, "అయ్యా, తమరు ఉన్నరా, పోయిండ్రా?" అని.